మా వంశచరిత్రలో ఎండ్రకాయలు

మా వంశచరిత్ర రాసే పని నా నెత్తిన పడింది నా తెలుగు బాగుంటుందని కాదు, నేను సింగపూర్‌లో ఉంటానని. "అక్కడ అన్నీ పద్ధతిగా జరుగుతాయమ్మాయ్, నువ్వు రాస్తే తప్పులుండవు," అన్నాడు మా పెదనాన్న. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆయన లెక్కలో రెండూ ఒకటే పని.

మా నాన్నకు అన్నగారాయన. ఎనభై దాటాయి. హెడ్మాస్టరుగా రిటైరై నిజామాబాద్‌లో ఉంటాడు. ఇప్పటికీ ఫోనులో మాట్లాడితే ఎదురుగా నలభైమంది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నట్టే మాట్లాడతాడు. రోజూ పొద్దున్నే నేను టోవా పాయో స్టేషన్లో రైలెక్కే వేళకు ఆయన వాయిస్ మెసేజ్ వచ్చి పడుతుంది. ప్రతిదీ "రాసుకో" అని మొదలవుతుంది. జనం మధ్య ఒంటికాలి మీద నిలబడి చెవిలో తాతయ్య సాహసాలు వింటూ ఆఫీసుకు పోవడం మూడు నెలలు నా దినచర్య.

మొదటి తగువు చెట్టు దగ్గరొచ్చింది. ఆయన గీసి పంపిన వంశవృక్షంలో కొడుకులు, మనవళ్ళు, మునిమనవళ్ళు, అమెరికాలో పుట్టి మూడు నెలలైనా నిండని ఒక చంటివాడు కూడా ఉన్నాడు. నేను లేను. మా అక్క లేదు. మేనత్తలు ముగ్గురూ లేరు.

"ఆడపిల్లలు అత్తవారి చెట్టులోకి పోతారమ్మా," అన్నాడు.

"మా అత్తవారింకా చెట్టు నాటలేదు పెదనాన్నా. అందాకా ఇక్కడే ఉంటాం," అని మా ఐదుగురినీ కొమ్మల మీద కూర్చోబెట్టి తిప్పి పంపాను. రెండు రోజులు మెసేజ్ లేదు. మూడో రోజు మళ్ళీ "రాసుకో" అని వచ్చింది. అంటే ఒప్పుకున్నట్టు. మా ఇంట్లో ఎవరూ సరే అని నోటితో అనరు.

ఇక కథ. మా తాతయ్య గుంటూరు జిల్లాలో ఉన్న కొద్దిపాటి మాగాణి అమ్మేసి, భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని నిజాంసాగర్ కాలువ చివరి భూములకు వలస వచ్చాడు. అలా వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను క్యాంపులంటారు. నేను పుట్టింది అలాంటి క్యాంపులోనే. మా పక్కనున్న పాత ఊరివాళ్ళు మమ్మల్ని గుంటూరోళ్ళనేవాళ్ళు. గుంటూరులోని చుట్టాలు నిజామోళ్ళనేవాళ్ళు. ఎవరేమన్నా మావాళ్ళు మాత్రం తమను తాము "అడవి కొట్టి ఊరు కట్టినవాళ్ళం" అనుకునేవాళ్ళు. పెదనాన్న పుస్తకానికి మొదటి వాక్యం కూడా అదే. మనిషి మొహం ఎరగని అడవి, ముళ్ళపొదలు, పాములు, చలిజ్వరాలు. అందులోకి రెండెడ్లతో దిగిన మా తాతయ్య.

అన్నిటికన్నా పెద్ద అధ్యాయం ఎండ్రకాయలది.

మొదటి ఏడు నాట్లు వేసిన వారానికే పొలం దిగువ గట్టు తెగిపోయింది. మడిలో నీళ్ళన్నీ కిందికి పోయి, వేసిన నారు వేసినట్టే నేలకు అంటుకుపోయింది. ఎందుకు తెగిందో ఎవరికీ అంతుబట్టలేదు. మా నాయనమ్మ వెళ్ళి చూసి, "ఎండ్రకాయలు బొక్కలు పెట్టాయి" అని కనిపెట్టింది. డెల్టాలో పుట్టి పెరిగిన మనిషి. గట్టు తెగితే అది ఎండ్రకాయ పనేనని అక్కడ ఉగ్గుపాలతో నేర్పుతారు. ఆమె చూపు ఎంత నిశితమో చెప్పుకుని క్యాంపంతా మెచ్చుకుంది. అప్పుడు పెదనాన్నకు తొమ్మిదో పదో ఏళ్ళు. బొక్కలు వెతికి మట్టితో పూడ్చే పని ఆయనకు అప్పగించారు. రెండో ఏడూ గట్టు తెగింది. తాతయ్య ఎడ్లను తోలే ములుగర్రతో కొడుకు వీపు చిట్లగొట్టాడు. మూడో ఏడూ తెగింది, మళ్ళీ కొట్టాడు. నాలుగో ఏడు నాయనమ్మ సలహా మీద గట్టులో ఒక తూము పెట్టి, మిగులు నీళ్ళు కిందికి వదిలితే ఒత్తిడి తగ్గి గట్టు నిలిచింది.

"తట్టలకొద్దీ పట్టానమ్మా ఎండ్రకాయల్ని. ఆ దెబ్బలే నన్ను మనిషిని చేశాయి, రాసుకో," అన్నాడు పెదనాన్న.

ఏటా ఎండల్లో క్యాంపు పెట్టిన రోజని మావాళ్ళంతా ఒకచోట చేరతారు. ఆ రోజు విందులో ఎండ్రకాయల పులుసు ఉండి తీరాలి. శత్రువు మీద గెలిచిన గుర్తు మరి. ఎండ్రకాయలేమో బాపట్ల నుంచి తడి గోనెసంచుల్లో రైలు మీద వస్తాయి, మా వైపు చేలల్లో దొరకవు కాబట్టి. చిన్నప్పుడు ఆ సంచుల మూతులు విప్పడానికి నేనూ పోటీపడేదాన్ని. మా పొలాల్లో దొరకని ఎండ్రకాయలు మా గట్టునెలా తెంపాయని డెబ్భై ఏళ్ళలో ఒక్కరం అడగలేదు. తప్పులు వెతకడం నా వృత్తని ఇందాక చెప్పాను. ఇంకోసారి చెప్పను.

నాకు అనుమానం వచ్చింది అడవి దగ్గర. మా అమ్మాయి బడిలో అమెరికా సరిహద్దు భూముల్లోకి బండ్లు కట్టుకుని పోయి చెట్లు నరికి ఇళ్ళు కట్టుకున్న కుటుంబాల గురించి ఏదో ప్రాజెక్టు ఇచ్చారు. ఒకరోజు భోజనాల దగ్గర నేను పెదనాన్న మొదటి వాక్యం గొప్పగా చదివి వినిపించాను. అది పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే, "దే ఆల్సో సెడ్ ఎంప్టీ ల్యాండ్, మా. నాట్ ఎంప్టీ వాట్," అంది, సింగపూర్ యాసలో. వాళ్ళూ ఖాళీ నేలనే అన్నారు, ఖాళీ కాదుగా అని. పదిహేనేళ్ళ పిల్ల. ఒళ్ళు మండింది నాకు. మీ ముత్తాతను వాళ్ళతో పోలుస్తావా అని కసిరాను. కసిరాక గుర్తొచ్చింది.

మా నాయనమ్మ మడమలో నల్లటి మచ్చ ఉండేది. ఈ నేల మీద కాలు పెట్టిన రోజు జొన్నమోడు దిగిందని, వారం రోజులు కుంటానని చెప్పేది. జొన్నమోడు! ఎవరో విత్తి, కోసి, దంట్లు ఇంటికి తీసుకుపోతేనే మోడు మిగిలేది. అడవిలో మోళ్ళెక్కడివి?

పెదనాన్ననడిగితే, "అడవిలో జొన్న మొలవకూడదా?" అన్నాడు. హెడ్మాస్టరుగా పనిచేసిన మనిషి అన్న మాట అది.

ఆ నెలలోనే మా బ్లాకుకు రంగులు వేయడం మొదలైంది. మాది పాత బ్లాకు, పదకొండో అంతస్తు. పనివాళ్ళు తాళ్ళకు వేలాడే బోనులో నిలబడి పైనుంచి కిందికి రంగు వేసుకుంటూ దిగుతారు. ఆ రోజు ఇంటినుంచే పని. వంటింట్లో పప్పుకు పోపు పెడుతుంటే కిటికీ అవతల, గాల్లోంచి, తెలుగు మాట వినిపించింది.

"ఎవలో మనోళ్ళే ఉన్నర్రా. ఎల్లిగడ్డ పోపు వాసనొస్తుంది."

కిటికీ తెరిచాను. చేతిలో రోలరుతో ఒక మనిషి ఉలిక్కిపడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి, హెల్మెట్ మీద తెల్లటి చుక్కలు. "వాసనే కాదు, పప్పు కూడా ఉంది. పన్నెండింటికి కిందికి వస్తాను," అన్నాను.

బ్లాకు కింద, ముసలాళ్ళు చదరంగం ఆడుకునే రాతి బల్ల దగ్గర కూర్చున్నాం. పైకి రమ్మంటే రాలేదు, బూట్లకు రంగుందన్నాడు. మాటల్లో ఊరి పేరు చెప్పాడు. మా క్యాంపు పక్కనున్న పాత ఊరు. మైలు దూరం కూడా ఉండదు. ఆ మాటే అన్నాను.

"మీరు గుంటూరోళ్ళ క్యాంపోళ్ళా!" అన్నాడు అతనూ ఆశ్చర్యంగా. "కాలువ మలుపుకాడ ఎవరి పొలమక్కా మీది?"

చెప్పాను. పొలం మూలనున్న రేగుచెట్టు ఆనవాలు చెప్పాను. అతను పప్పన్నం కలుపుతూనే, పేపర్లో వార్త చదివినంత మామూలుగా అన్నాడు: "అది మా తాత చేనే ఉండె గదక్కా. దొరకాడ కౌలుకు చేసెటోడు. ఇరవై ఏండ్లు జొన్న పండించిండు. కాలువ వస్తుందనంగనే దొర మీ వాళ్ళకమ్ముకున్నడు. కింద ఒక చిన్న ముక్క మిగిలింది మాకు. మా తాత మీ తాతకాడ రెండేండ్లు జీతమున్నడు."

తన పొలంలో తానే జీతగాడు. అతను అలా అనలేదు. నాకే అలా వినిపించింది. పెదనాన్న మెసేజుల్లో ఆ మనిషి ఒక్కసారే కనిపిస్తాడు: "జీతగాడు ఒకడుండేవాడు, నల్లరేగడిలో ఏ పదునులో అరక కట్టాలో వాడికి బాగా తెలుసు." ఎందుకు తెలుసో రాసుకోమనలేదు.

ఆ రాత్రీ మర్నాడూ కాదు, వారం పట్టింది నాకు ఒక పేజీ రాయడానికి. అడవి కొట్టామన్న వాక్యం కొట్టేశాను. మా కన్నా ముందు ఆ భూమిని దున్నిన మనిషి ఒకరున్నారని, దొర అమ్మేస్తే ఆ అభాగ్యుడు కన్నీళ్ళతో తన చేను వదిలి, కడుపు కోసం అదే చేలో జీతానికి కుదిరాడని రాశాను. రాస్తూ నేనే ఏడ్చాను. బాగా వచ్చిందని కూడా అనుకున్నాను, దాచుకోవడమెందుకు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

కందిరీగల తుట్టె కదిపినట్టయింది. హైదరాబాద్ తమ్ముడు, "అక్కా, ఇప్పుడిదంతా అవసరమా? రేపెవడైనా పుస్తకం పట్టుకుని కోర్టుకు పోతే?" అన్నాడు. డల్లస్ అన్నయ్య, మనం కొనుక్కున్నాం గానీ లాక్కోలేదని నాలుగు పేరాలు ఇంగ్లీషులో పెట్టాడు. లాక్కున్నామని నేనెక్కడా రాయలేదు. కొనుక్కున్నామనే రాశాను. కొనేముందు అక్కడ ఒక మనిషి ఉన్నాడని రాశాను, అంతే. ఆ ఒక్క మనిషికి పేజీ ఇస్తే పునాదులు కదిలిపోయే చరిత్ర అయితే అది ఏం చరిత్ర?

పెదనాన్న నేరుగా ఫోన్ చేశాడు.

"ఎవడో కూలీవాడు అన్నం తింటూ చెప్పిన మాట పట్టుకుని రాస్తావుటే?"

"మీరు పళ్ళు తోముకుంటూ చెప్పినవి రాయలేదా పెదనాన్నా? నోట్లో నురగ కూడా వినిపించింది."

"ఆ పేజీ తీసెయ్."

"తీయను."

"పుస్తకం నాది."

"టైపు చేసింది నేను. నాయనమ్మ నాకూ నాయనమ్మే. ఇక్కడ మా బ్లాకు పక్కన బోర్డు పెట్టారు, ఈ ఇళ్ళు కట్టకముందు ఇక్కడ పల్లెలూ తోటలూ ఉండేవని. పందుల్ని పెంచేవాళ్ళని కూడా రాశారు. ఇంత ఊరికి లేని సిగ్గు మన ముప్ఫై ఇళ్ళ క్యాంపుకెందుకు? ఆ పేజీ ఉంటేనే పుస్తకం. లేకపోతే వేరే ఎవరిచేతనైనా రాయించుకోండి."

ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం గ్రూపులోంచి నన్ను తీసేశారు. పెదనాన్నకు అంత పని రాదు, ఎవరో తమ్ముడే చేసుంటాడు. నిజం చెప్పాలంటే బాధ కలిగింది. పొద్దున్న రైలెక్కి అలవాటుగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవిలో ఏమీ లేదు. కానీ భయం వేయలేదు. చెట్టు మీద కూర్చోవడానికి ఒకసారి పోట్లాడినదాన్ని, దింపేస్తే మళ్ళీ ఎక్కడం తెలుసు.

ఆ ఆదివారం అతనికి సెలవు. కోడికూర చేసి, కింది బల్ల దగ్గరకే పట్టుకెళ్ళాను. మీ తాత గురించి రాశాను తమ్ముడూ, మావాళ్ళందరితో గొడవ కూడా పెట్టుకున్నాను, విను అని పేజీ తీసి చదివాను. కొంచెం గొంతు వణికించి చదివాను కూడా. అతని కళ్ళలో నీళ్ళు వస్తాయని ఎదురుచూశాను.

అతను తినడం ఆపేశాడు.

"గిదేందక్కా? మా తాత ఏడ్సిండని రాసినవ్?"

"ఏడవలేదా?"

"మా తాతా? మా తాతను నువ్వు చూడలే. దొర ముంగట గూడ తలపాగ తీయని మనిషి. అభాగ్యుడేంది? గది కొట్టెయ్ ముందు." ముద్ద కిందపెట్టి చెయ్యి కడుక్కున్నాడు. నిజంగా కోపం వచ్చింది అతనికి. "మీ గట్టు తెంపిండు మా తాత. గది రాయి."

"ఏ గట్టు?"

"కింది గట్టు. కాలువ నీళ్ళన్నీ మీ మడిలనే ఆగెటియి. కింద మా ముక్కకు సుక్క రాకుండె. నా చేను పోయింది, నీళ్ళు గూడ పోవాల్నా అన్నడట. మీరు నాట్లేసినంక పార పట్టుకొని పోయి తెంపిండు. దొంగతనంగ గాదు. పట్టపగలు, మీరు బువ్వలకు పోయినప్పుడు. ఒక్క ఏడు గాదు, మూడేండ్లు. మేం చిన్నగున్నప్పుడు గడంచె మంచంల కూసోబెట్టుకొని ఇదే కథ చెప్తుండె. మూడేండ్లు తెంపిండు, నాలుగో ఏడు మీ తాత తూము పెట్టిండు. ఇయ్యాల్టికి గా తూము నీళ్ళే మాకు పారుతయి. మా తాత గెలిచిండక్కా. ఏడ్వలే."

"మరి ఎండ్రకాయలు?" అన్నాను.

"ఏం ఎండ్రికాయలు?"

చెప్పాను. ఎండ్రకాయల యుద్ధం, పూడ్చిన బొక్కలు, ఏటా పులుసు, అంతా చెప్పాను. అతను మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్క బల్ల దగ్గర చదరంగం ఆడుతున్న చైనా తాతలిద్దరూ తల తిప్పి చూశారు. "జొన్నచేన్ల ఎండ్రికాయలేడికెల్లి వస్తయక్కా? నీళ్ళొచ్చి మూడేండ్లు గూడ కాకపాయె! మీ గుంటూరోళ్ళకు గట్టు తెగితే ఎండ్రికాయ తప్ప మనిషి యాదికి రాడా?"

రాడు. అదే మా తప్పు. మా ఊళ్ళో గట్టుకు శత్రువు ఎండ్రకాయ. ఇక్కడ గట్టుకు అవతల ఒక మనిషి నీళ్ళు లేకుండా నిలబడి ఉన్నాడు. కళ్ళెదుట ఉన్నవాణ్ణి వదిలేసి, డెల్టా నుంచి మూటగట్టుకొచ్చిన పురుగును వెతికారు మావాళ్ళు. కొత్త నేల మీదికి సామానుతోపాటు పాత శత్రువును కూడా తెచ్చుకున్నారు.

నవ్వు తగ్గాక అతను ఇంకో మాట అన్నాడు. "మీ నాయనమ్మకు ఎరుకే. మొదటి ఏడే చూసింది. బువ్వ సద్ది పట్టుకొని గట్టు మీదికి వచ్చిందట. మా తాత పార పట్టుకొని నిలబడ్డడు, నీళ్ళు పోతున్నయి. దొరికితి అనుకున్నడు. ఆమె జరసేపు చూసి, మల్లి ఎనకకు తిరిగి పోయింది. ఎవ్వరికి చెప్పలే. మంచి మనిషని అనెటోడు మా తాత."

పైకి వచ్చేటప్పుడు లిఫ్టులో మొదట నాకు గర్వం కలిగింది. ఎండ్రకాయలని చెప్పింది నాయనమ్మ. తూము పెట్టమన్నది నాయనమ్మ. చదువు రాని మనిషి, మొగుడి మాటకు ఎదురు చెప్పని మనిషి, నాలుగేళ్ళలో ఒక్క అబద్ధంతో ఆ ముక్కకు నీళ్ళు ఇప్పించింది. ఎవరి కాలు తొక్కకుండా ఎంత మొండితనం! పుస్తకంలో ఆమెకు ఉన్నది రెండు వాక్యాలు. ఇక రెండు అధ్యాయాలు రాస్తాననుకున్నాను.

పదకొండో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి ములుగర్ర గుర్తొచ్చింది.

రెండో ఏడు కొడుకు వీపు చిట్లుతుంటే ఆమె ఎక్కడుంది? అక్కడే ఉంది. లేని ఎండ్రకాయను పట్టలేదని పదేళ్ళ పిల్లవాణ్ణి తండ్రి కొడుతుంటే, అవి లేవని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నోరు విప్పితే అవతలి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. విప్పకపోతే కొడుకు వీపు. రెండుసార్లూ విప్పలేదు. నాయనమ్మ మీద కోపం వచ్చింది నాకు, మొదటిసారి. అయ్యో అని జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను. ఇల్లంతా కాసేపు తిరిగాను.

తర్వాత కూర్చుని పేజీ మళ్ళీ రాశాను. అభాగ్యుడు పోయాడు, కన్నీళ్ళు పోయాయి. పార ఉంది. పట్టపగలుంది. సద్దితో గట్టు మీద నిలబడ్డ నాయనమ్మ ఉంది. ములుగర్ర కూడా ఉంది, ఎవరి చేతిలో ఉందో ఎవరి వీపు మీద పడిందో ఉంది. అతనికి ఫోన్ చేసి వినిపించాను. "ఇప్పుడు మా తాత లెక్కున్నడు," అన్నాడు.

ఇక మిగిలింది పెదనాన్న. గ్రూపులో లేను కాబట్టి కాదు, ఉన్నా అక్కడ పెట్టేదాన్ని కాదు. ఆయనకు నేనే చెప్పాలి. చెప్పకుండా ఉంటే? ఎనభై దాటిన మనిషికి ఇప్పుడు చెప్పి ఒరిగేదేముందని మా ఆయన అన్నాడు. నాకూ అనిపించింది. కానీ ఆయన్ను నొప్పించకూడదని నేనూ నోరు మూసుకుంటే, నాయనమ్మ చేసిందే మళ్ళీ నేను చేసినట్టు. ఆ పని ఇంకోసారి మా ఇంట్లో జరగనివ్వను.

సాయంత్రం ఐదున్నరకు చేశాను. అక్కడ మధ్యాహ్నం మూడు, భోంచేసి నడుం వాల్చే వేళ. ఎత్తుతూనే, "పేజీ తీశావా?" అన్నాడు.

"లేదు. పెంచాను. వినండి."

"నేను వినను."

"వినకపోతే పెట్టేయండి. నేను మాత్రం చదువుతాను."

పెట్టేయలేదు. చదివాను. ఈసారి గొంతు వణికించలేదు. పార దగ్గరకు రాగానే, "వాడు చెప్పాడు, నువ్వు రాశావు," అని గొణిగాడు. నాయనమ్మ దగ్గరకు వచ్చేసరికి గొణుగుడు ఆగిపోయింది. అయిపోయాక, పెదనాన్నా అని రెండుసార్లు పిలిచాను.

"మా అమ్మ చూసిందా?" అన్నాడు.

"చూసిందట."

"మొదటి ఏడే?"

"మొదటి ఏడే పెదనాన్నా."

నాకు తప్పు చేశానేమోనని భయం వేసింది. క్షమించమని అడగబోయాను.

"గట్టు మీద బోర్లా పడుకుని వెతికేవాణ్ణమ్మా," అన్నాడు. హెడ్మాస్టరు గొంతు కాదది. "చెయ్యి భుజం దాకా బురదలో పెట్టి వెతికేవాణ్ణి. ఒక్కటి దొరకలేదు. మూడేళ్ళు. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు."

"తట్టలకొద్దీ పట్టానన్నారు కదా?"

"మరేం చెప్పను? అందరికీ ఉన్నాయట, నాకు కనబడవట. గుడ్డి వెధవా అనేవాడు మా నాన్న. నేను హెడ్మాస్టరునయ్యాక కూడా, ఇంటికొచ్చిన చుట్టాల ముందు అదే పిలుపు. ఆయన పోయేదాకా. నిజంగానే నాకు చూపు సరిగా లేదేమో అనుకున్నానమ్మాయ్. ఉద్యోగంలో చేరకముందు దొంగచాటుగా పోయి కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. నేను నమ్మలేదు."

పేజీ తీసేయమంటే ఆ క్షణంలో తీసేసేదాన్నేమో.

అవతల మంచం కిర్రుమంది. లేచి కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"కాగితం దగ్గరుందా?"

"ఉంది పెదనాన్నా."

"రాసుకో. అక్కడ ఎండ్రకాయలు లేవని రాసుకో. ముందు అది రాయి."